రాజ్యమును మరల నప్పగించిన సామంతుడు: రేచెర్ల రుద్రుడు

వంశచరిత్ర యనగా తాతముత్తాతల బిరుదములు వల్లించుట యని మనలో పెక్కుమంది తలంతురు. మేము చూచినంతవఱకు వంశమునకు వన్నె తెచ్చునది నడవడియే కాని బిరుదము కాదు. ఇందులకు నిదర్శనము వేములపల్లి వారమగు మనకు దూరమున వెదుకనక్కఱలేదు. సూర్యాపేట చెంతనున్న పిల్లలమఱ్ఱి శిథిలములే రేచెర్లవారి చరిత్రకు ప్రవేశద్వారము.

ఈ వంశమువారు బ్రహ్మసేనానిని తమ మూలపురుషునిగా శాసనములలో కీర్తించుకొనిరి. కాటయ, కామయ మొదలగువారు కాకతీయుల కొలువున సేనానులై పేరుగాంచిరి. పిల్లలమఱ్ఱి నేలిన నామిరెడ్డి, బేతిరెడ్డి యీ వంశమువారే. నామిరెడ్డి నామేశ్వరాలయమును గట్టించెను. బేతిరెడ్డి భార్య యెఱకసాని 1208లో తన పేరిట ఎఱకేశ్వరాలయమును నెలకొల్పెను. రుద్రమదేవి సింహాసన మెక్కుటకు అర్ధశతాబ్దమునకు ముందే యొక తెలుగు గృహిణి తన పేరును రాతిపై నిలుపుకొన్నదని మన సోదరీమణులు గమనింతురు గాక. రాచకొండ, దేవరకొండల నేలిన రేచెర్ల పద్మనాయకులు వేఱు వంశమువారు. పేరొక్కటియే గావున వీరిని వారిని కలగాపులగము చేయరాదు.

రుద్రుడు కాటయ కుమారుడు. ఆతని కాలము కాకతీయులకు గడ్డుకాలము. 1195 ప్రాంతమున రుద్రదేవ మహారాజు దేవగిరి యాదవులతో పోరి మడిసెను. తమ్ముడు మహాదేవుడు పగ దీర్చుకొనబోయి తానును యుద్ధమున గూలెను. అతని కుమారుడగు గణపతిదేవుడు శత్రువుల చేత బందీయయ్యెను. రాజు లేని రాజ్యమున సామంతులు తలలెత్తిరి. అట్టి సమయమున రేచెర్ల రుద్రుడు సేనను గూర్చుకొని, నాగతి మొదలగు విరోధులను తఱిమి, రాజ్యభారమును తన భుజములపై మోసెను. 1199 ప్రాంతమున యాదవరాజు జైతుగి గణపతిదేవుని విడిచిపుచ్చగా, రుద్రుడు రాజ్యమును చెక్కుచెదరకుండ ఆతని కప్పగించెను.

రాజరక్తము లేనివాడు రాజ్యమును కోరకుండుటలో విశేషమేమి యని కొందఱడుగవచ్చును. కాని కాకతీయులు మాత్రము మొదట నెవరు? కల్యాణి చాళుక్యుల సామంతులే కదా! చాళుక్యులు క్షీణింపగా రుద్రదేవుడు స్వతంత్రుడయ్యెను. 1163 నాటి హనుమకొండ శాసనము ఆ విజయములనే చాటుచున్నది. సామంతుడు రాజగుట రేచెర్లవాని కన్నులయెదుట జరిగిన సంగతియే. త్రోవ తెలిసియు ద్రొక్కకుండుటయే ఆతని గొప్పతనము.

ఆంగ్లదేశ చరిత్రను దీనితో పోల్చిచూతము. 1483లో నాలుగవ ఎడ్వర్డు మరణింపగా, పండ్రెండేండ్ల కుమారునకు పినతండ్రియగు గ్లాస్టరు డ్యూకు రిచర్డు సంరక్షకుడయ్యెను. మూడు నెలలైనను గడువకమున్నే ఆ సంరక్షకుడు కిరీటము ధరించెను. లండను కోటలో నుంచబడిన బాలుడును, ఆతని తమ్ముడును మరల నెవరికిని గానరాలేదు. 1485లో రిచర్డు బాస్వర్తు యుద్ధమున హతుడయ్యెను. అచ్చట సంరక్షకుడు రాజవంశమున బుట్టినవాడు, ఇచ్చట సేనాని కడుపున బుట్టినవాడు. పుట్టుకయే గుణమునకు కారణమైనచో ఫలము తాఱుమాఱు కావలసియుండెను.

రుద్రుని కీర్తి ఆతడు వేయించిన శాసనమునందే యున్నది కావున అది స్వోత్కర్ష కారాదా యను శంకయు న్యాయమైనదే. దానికి సమాధానము తరువాతి చరిత్రయే చెప్పుచున్నది. 1213లో రుద్రుడు పాలంపేటలో రుద్రేశ్వరాలయమును నిర్మించి, గణపతిదేవుని తన ప్రభువుగా స్తుతించుచు సంస్కృత శాసనము నెత్తించెను. రాజు మరలివచ్చిన పదునాలుగేండ్లకును సేనాని తన పేరిట గుడి గట్టగలిగెననగా, వారిలో నొకరిపై నొకరికి అనుమానము లేదన్నమాట. గణపతిదేవుడు 1262 వఱకు, అఱువది యేండ్లకు పైగా, రాజ్యమేలెను. ఆ దీర్ఘపాలనకు పునాది వేసినవారిలో రుద్రుడు ముఖ్యుడు. రామప్పగుడి యని లోకము పిలుచు ఆ యాలయమును 2021లో యునెస్కో ప్రపంచవారసత్వ స్థలముగా గుర్తించినది.

ఇప్పుడు రాజ్యములు లేవు, కాని అప్పగింతలు లేని యిల్లు లేదు. తండ్రిలేని బిడ్డల పొలము పినతండ్రి చేతిలో నుండును. ఊరి గ్రంథాలయపు సొమ్ము కార్యదర్శి చేతిలో నుండును. దేవుని మాన్యము ధర్మకర్త చేతిలో నుండును. లెక్క యడుగువాడు చెఱలోనో, చదువులోనో, బాల్యములోనో యున్నప్పుడే మన గుణము బయటపడును. రేచెర్ల పేరు మాదంటే మాదని కులములు వాదులాడుట కంటె, రేచెర్ల రుద్రునివలె ఒప్పుకొన్న సొమ్మును సొంతదారునకు మరల నప్పగించుట మేలు. ఆ వంశమునకు నిజమైన వారసులు అట్టివారే.