పాత వాల్వు యాంప్లిఫయర్లు

వాల్వు యాంప్లిఫయరు అనగా శూన్యనాళికల (వాడుకలో వాల్వులు) సహాయముతో బలహీనమైన ధ్వని సంకేతమును స్పీకరు మ్రోగించునంత శక్తికి పెంచు సాధనము. ట్రాన్సిస్టర్లు విరివిగా వాడుకలోకి రాక పూర్వము రేడియోలు, రికార్డు ప్లేయర్లు, సినిమా హాళ్ళ ధ్వని యంత్రములు, మైకు సెట్లు అన్నియు వీటితోనే పనిచేసినవి. విజయవాడ, కృష్ణా డెల్టా ప్రాంతములోని పాత ఇళ్ళ అటకల మీద, పాత సామానుల దుకాణములలో ఇట్టి సెట్లు ఇప్పటికిని కనిపించును. వాటిని గుర్తించుట, లోపములు కనుగొనుట, మెరుగుపరచుట ఈ వ్యాసములో వివరింపబడినవి.

ఏళ్ళ తరబడి మూలనపడిన సెట్టును తెచ్చిన వెంటనే కరెంటుకు తగిలించినచో ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చును. మనిషికి ప్రాణాపాయము కూడ కలుగవచ్చును. కనుక ముందు గుర్తించుట, తరువాత పరీక్షించుట, ఆ పిమ్మట మాత్రమే కరెంటు ఇచ్చుట అను వరుసను తప్పక పాటింపవలెను.

చరిత్ర

1904లో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ రెండు ధ్రువముల వాల్వును (డయోడు), 1906లో లీ డి ఫారెస్ట్ మూడవ ధ్రువము గల వాల్వును కనుగొనిరి. ఈ మూడవ ధ్రువమైన గ్రిడ్డు వలననే ధ్వని సంకేతమును పెంచుట సాధ్యమైనది.

విజయవాడలో మారుతీ సినిమా హాలు 1921లో ప్రారంభమైనప్పటికి చలనచిత్రములు మూకీలే. 1932లో తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద వచ్చిన తరువాత హాళ్ళకు వాల్వు యాంప్లిఫయర్లు అవసరమైనవి. 1938లో మద్రాసు రేడియో కేంద్రము, 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రము ప్రారంభమగుటతో తెలుగు ప్రసారములు డెల్టా గ్రామములకు చేరువైనవి. కరెంటు లేని ఊళ్ళలో బ్యాటరీతో పనిచేయు వాల్వు రేడియోలు వాడెడివారు. పెళ్ళిళ్ళు, ఉత్సవములు, పద్యనాటకములు, ఎన్నికల సభలకు మైకు సెట్టు, గొట్టము స్పీకర్లు అద్దెకు తెచ్చుట పరిపాటి అయినది.

భారతదేశములో ప్రభుత్వరంగ సంస్థయైన భారత్ ఎలక్ట్రానిక్స్ (బి.ఇ.ఎల్.) 1954లో బెంగుళూరులో స్థాపింపబడి, 1961లో రేడియో వాల్వుల తయారీ ప్రారంభించినది. పాత సెట్లలో ఈ సంస్థ పేరుగల వాల్వులు తరచు కనిపించును. మచిలీపట్నములోని బి.ఇ.ఎల్. కర్మాగారము వాల్వులకు సంబంధించినది కాదు. అది 1926లో ఏర్పడిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ. దృశ్య పరికరములు తయారుచేయు ఈ కంపెనీని బి.ఇ.ఎల్. 1983లో స్వాధీనపరచుకొన్నది.

నిర్మాణము

వాల్వులోని హీటరు కాథోడును వేడిచేయగా ఎలక్ట్రానులు వెలువడి, అధిక ధన వోల్టేజి గల ప్లేటు వైపు పోవును. నడుమనున్న గ్రిడ్డు మీద ఇచ్చిన స్వల్ప వోల్టేజి ఈ ప్రవాహమును అదుపుచేయును. ప్లేటుకు సాధారణముగా 250 నుండి 400 వోల్టుల డి.సి. అవసరము. యాంప్లిఫయరులో ముఖ్య భాగములు నాలుగు.

* మెయిన్సు ట్రాన్స్‌ఫార్మరు, రెక్టిఫయరు, ఫిల్టరు కండెన్సర్లు: 230 వోల్టుల ఎ.సి. నుండి ప్లేట్లకు కావలసిన డి.సి.ని ఇచ్చును.
* ముందు దశ వాల్వులు: మైకు, పికప్పుల నుండి వచ్చు సంకేతమును పెంచును.
* పవరు వాల్వులు: స్పీకరుకు కావలసిన శక్తినిచ్చును. ఒక్క వాల్వుతో పనిచేయునది సింగిల్ ఎండెడ్, జంట వాల్వులతో పనిచేయునది పుష్-పుల్.
* అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు: వేల ఓముల ప్లేటు వలయమును 4, 8 లేదా 16 ఓముల స్పీకరుకు జతపరచును.

వీటిలో రెండు ట్రాన్స్‌ఫార్మర్లే అత్యంత విలువైనవి. వాల్వులు, కండెన్సర్లు మార్చుకొనవచ్చును గాని, సరియైన ట్రాన్స్‌ఫార్మరు దొరకుట కష్టము.

వాల్వుల పేర్లు చదువుట

యూరపు పద్ధతిలో వాల్వు పేరే దాని వివరము తెలుపును. మొదటి అక్షరము హీటరు రకము: డి - 1.4 వోల్టుల బ్యాటరీ రకము, ఇ - 6.3 వోల్టులు, పి - 300 మిల్లీ ఆంపియర్లు, యు - 100 మిల్లీ ఆంపియర్లు. తరువాతి అక్షరములు లోపలి నిర్మాణము: సి - ట్రయోడు, ఎఫ్ - పెంటోడు, ఎల్ - పవరు పెంటోడు, వై - అర్ధతరంగ రెక్టిఫయరు, జడ్ - పూర్ణతరంగ రెక్టిఫయరు. అంకెలలో మొదటిది పాదము రకము: 3 అయిన ఎనిమిది పిన్నుల ఆక్టల్, 8 అయిన తొమ్మిది పిన్నుల నోవల్. కనుక ఇ.సి.సి.83 అనగా 6.3 వోల్టుల హీటరు, రెండు ట్రయోడులు గల నోవల్ వాల్వు.

అమెరికా పద్ధతిలో మొదటి అంకె హీటరు వోల్టేజిని సుమారుగా తెలుపును. ఒకే వాల్వుకు రెండు పేర్లు ఉండుట కలదు.

* ఇ.సి.సి.83 = 12ఎ.ఎక్స్.7: ముందు దశ
* ఇ.ఎల్.84 = 6బి.క్యు.5: ఒక్కటి సుమారు 5 వాట్లు, పుష్-పుల్ జంట 10 నుండి 15 వాట్లు
* ఇ.ఎల్.34 = 6సి.ఎ.7: పుష్-పుల్ జంట 30 వాట్లు, అంతకు పైన
* ఇ.జడ్.81 = 6సి.ఎ.4: రెక్టిఫయరు
* జి.జడ్.34 = 5ఎ.ఆర్.4: పెద్ద సెట్ల రెక్టిఫయరు

పెద్ద మైకు సెట్లలో 807 అను వాల్వును కూడ వాడిరి. దీని ప్లేటు కనెక్షను తలమీదనున్న టోపీకి ఉండును. సెట్టు పనిచేయుచుండగా ఆ టోపీ మీద కొన్ని వందల వోల్టులుండును గనుక దానిని తాకరాదు.

సెట్టు రకమును గుర్తించుట

పాత సెట్లు ప్రధానముగా మూడు రకములు. అన్నిటికంటె ముందు తేల్చుకొనవలసిన విషయమిదే.

ఎ.సి. సెట్లు: బరువైన మెయిన్సు ట్రాన్స్‌ఫార్మరు ఉండును. వాల్వుల పేర్లు ఎక్కువగా 'ఇ' తో గాని 6 అంకెతో గాని మొదలగును. బాగుచేసి వాడుకొనుటకు ఇవియే తగినవి.

ఎ.సి./డి.సి. సెట్లు: మెయిన్సు ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. 'యు' శ్రేణి వాల్వుల హీటర్లన్నియు వరుసగా (సీరీస్‌లో) కలుపబడి ఉండును. ఉదాహరణకు యు.సి.హెచ్.81 (19 వోల్టులు), యు.ఎఫ్.89 (12.6), యు.ఎ.బి.సి.80 (28.5), యు.ఎల్.84 (45), యు.వై.85 (38) గల రేడియోలో హీటర్లకు మొత్తము 143 వోల్టులు సరిపోవును; మిగిలినది ఒక రెసిస్టరు మీద తగ్గించబడును. ఒక్క హీటరు తెగినను వాల్వులన్నియు ఆరిపోవును. ఈ సెట్లలో మెయిన్సు తీగ ఒకటి నేరుగా ఛాసీకి కలిసి ఉండుటచే, ప్లగ్గు తిరగబడినచో ఛాసీ అంతటికి 230 వోల్టులు వచ్చును. ఊడిన నాబు వెనుకనున్న ఇనుప కడ్డీని తాకినను షాకు కొట్టవచ్చును. వీటికి రికార్డు ప్లేయరు, ఫోను వంటివి ఎన్నడును తగిలింపరాదు. ఐసొలేషను ట్రాన్స్‌ఫార్మరు లేకుండ వీటిని విప్పి పరీక్షింపరాదు.

మైకు సెట్లు: ఎ.సి. సెట్లే గాని వెనుకభాగమున 4, 8, 16 ఓములతో పాటు 100 వోల్టుల లైను పిన్నులు కూడ ఉండుట కలదు. లైను పిన్నులకు మామూలు స్పీకరు తగిలింపరాదు.

కొనునప్పుడు చూడవలసినవి

* ట్రాన్స్‌ఫార్మర్లు: మల్టీమీటరుతో చుట్లన్నియు తెగకుండ ఉన్నవో లేవో చూడవలెను. పుష్-పుల్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో ప్రైమరీ రెండు సగములు ఇంచుమించు సమానముగా ఉండవలెను. సముద్రతీర ప్రాంతపు తేమ, ఉప్పుగాలి వలన సన్నని ప్రైమరీ తీగ చిలుమెక్కి తెగుట సహజము.
* వాల్వులు: గాజు లోపలి వెండిపూత తెల్లగా మారినచో గాలి చొరబడినదని అర్థము, అట్టి వాల్వు పనికిరాదు. పూత నల్లగా లేక అద్దమువలె ఉన్నచో మంచిది.
* కాలిన వాసన, కారిన మైనము, ఉబ్బిన కండెన్సర్లు, ఎలుకలు కొరికిన తీగలు.
* వరద లేక తుఫాను నీటిలో మునిగిన గుర్తులు: ఛాసీ మీద ఒకే ఎత్తున తుప్పు గీత ఉన్న సెట్టును విడిభాగముల కొరకు మాత్రమే కొనవలెను.

జాగ్రత్తలు

స్విచ్చి ఆపి ప్లగ్గు తీసిన తరువాత కూడ ఫిల్టరు కండెన్సర్లలో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలువ ఉండవచ్చును. 10 కిలో ఓముల, 5 వాట్ల రెసిస్టరును ఇన్సులేషను గల తీగలతో కండెన్సరు కొసలకు కొన్ని సెకనులు తగిలించి విడుదల చేయవలెను. పిమ్మట మీటరుతో సున్న వోల్టులని నిర్ధారించుకొనవలెను. స్క్రూడ్రైవరుతో షార్టు చేయుట తగదు.

పొడి చెప్పులు ధరించి, పొడి చెక్కబల్ల మీద పనిచేయవలెను. తడి గచ్చు మీద ఉత్త కాళ్ళతో పనిచేయుట ప్రమాదకరము. కరెంటు ఉన్నప్పుడు కొలతలు తీయవలసి వచ్చినచో ఒక చేతితోనే తీయవలెను. అనుభవము లేనివారు అనుభవజ్ఞుని సమక్షములోనే ఈ పని చేయుట మేలు.

మొదటిసారి కరెంటు ఇచ్చుట

ఎ.సి. సెట్టుకు వరుసలో ఒక 60 లేక 100 వాట్ల పాత తరహా ఫిలమెంటు బల్బును కలుపవలెను. ఎలక్ట్రీషియనులు దీనిని సీరీస్ బోర్డు అందురు. ఎల్.ఇ.డి. బల్బు ఈ పనికి పనికిరాదు. స్పీకరు గాని, తగిన వాటేజి గల 8 ఓముల రెసిస్టరు గాని తప్పక తగిలించి ఉండవలెను. లోడు లేకుండ ధ్వని పెంచినచో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో నిప్పురవ్వలు పుట్టి చుట్లు పాడగును.

ముందుగా వాల్వులన్నియు తీసి కరెంటు ఇవ్వవలెను. బల్బు క్షణము వెలిగి ఆరినచో, లేక మిణుకుమని ఉన్నచో మెయిన్సు ట్రాన్స్‌ఫార్మరు క్షేమము. నిండుగా వెలుగుచునే ఉన్నచో షార్టు ఉన్నదని తెలిసికొని వెంటనే ఆపవలెను. తరువాత వాల్వులు పెట్టి మరల పరీక్షింపవలెను.

సాధారణ లోపములు

హమ్మింగు: మెయిన్సు 50 హెర్ట్జులు. పూర్ణతరంగ రెక్టిఫయరు గల సెట్టులో ఫిల్టరు కండెన్సరు చెడినచో హమ్మింగు 100 హెర్ట్జులతో, కొంత కరకుగా వినిపించును. 50 హెర్ట్జుల మంద్ర ధ్వని వచ్చినచో హీటరు తీగలు, ఎర్తు, ఇన్‌పుట్ తీగలను చూడవలెను. వాల్యూము తగ్గించినప్పుడు హమ్మింగు కూడ తగ్గినచో దోషము ఆ కంట్రోలుకు ముందు దశలో ఉన్నది.

పవరు వాల్వు ప్లేటు ఎర్రబడుట: వెంటనే ఆపవలెను. దీనికి ముఖ్య కారణము వాల్వు కాదు. ముందు దశ నుండి వచ్చు కప్లింగు కండెన్సరు లీకగుట. కాథోడు బయాసు గల సెట్టులో పవరు వాల్వు గ్రిడ్డు వద్ద ఛాసీతో పోల్చిన వోల్టేజి ఇంచుమించు సున్న ఉండవలెను. ఒకటి రెండు వోల్టులు ధనముగా ఉన్నను కండెన్సరు మార్చవలెను. ఇది గమనింపక కొత్త వాల్వు పెట్టినచో అదియును పాడగును.

స్క్రీను గ్రిడ్డు ఎర్రబడి ధ్వని లేకుండుట: అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ప్రైమరీ తెగి, ప్లేటుకు వోల్టేజి అందనప్పుడు ఇట్లు జరుగును.

చిటపట ధ్వని: వాల్యూము కంట్రోలు, వాల్వు సాకెట్లు మురికిపట్టుట ముఖ్య కారణము. కాంటాక్టు క్లీనరుతో శుభ్రపరచవలెను. తగ్గనిచో ముందు దశ ప్లేటు రెసిస్టర్లు మార్చవలెను.

తట్టినప్పుడు మ్రోగుట: పెన్సిలుతో మెల్లగా తట్టినప్పుడు స్పీకరులో గంటవలె వినిపించు వాల్వును ముందు దశలో వాడరాదు.

పవరు వాల్వు స్థితిని కాథోడు రెసిస్టరు మీది వోల్టేజితో లెక్కింపవచ్చును. ఇ.ఎల్.84 వాల్వుకు 270 ఓముల రెసిస్టరు ఉండి, దానిమీద 10 వోల్టులు ఉన్నచో ప్రవాహము 10 ÷ 270 = 0.037 ఆంపియరు, అనగా 37 మిల్లీ ఆంపియర్లు. ఇందులో స్క్రీను గ్రిడ్డుది సుమారు 4 తీసివేయగా ప్లేటుది 33. ప్లేటుకు, కాథోడుకు నడుమ 290 వోల్టులు ఉన్నచో శక్తి సుమారు 9.6 వాట్లు. ఈ వాల్వు ప్లేటు గరిష్ఠ పరిమితి 12 వాట్లు గనుక ఇది క్షేమము.

మెరుగుపరచుట

మెరుగుపరచుట అనగా మొదట పూర్వస్థితికి తెచ్చుటయే. ఈ క్రింది వరుస మంచిది.

* మూడు పిన్నుల ప్లగ్గు అమర్చి, ఎ.సి. సెట్టు ఛాసీకి ఎర్తు, మెయిన్సు ఫేజు తీగకు ఫ్యూజు పెట్టుట. ఎ.సి./డి.సి. సెట్టు ఛాసీకి ఎర్తు కలుపరాదు.
* కాగితపు, మైనపు కప్లింగు కండెన్సర్లకు బదులు 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సర్లు వేయుట.
* ఫిల్టరు ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు మార్చుట. రెక్టిఫయరు తరువాతి మొదటి కండెన్సరు విలువకు పరిమితి కలదు: ఇ.జడ్.81కు 50, జి.జడ్.34కు 60 మైక్రోఫారడ్లు. అంతకు మించినచో రెక్టిఫయరు పాడగును.
* కార్బను రెసిస్టర్లను కొలిచి, విలువ 20 శాతమునకు మించి పెరిగిన వానిని మార్చుట.
* మెయిన్సు ట్రాన్స్‌ఫార్మరుకు 200, 220, 240 వంటి పిన్నులు ఉన్నచో ఇంటి వోల్టేజికి తగినది ఎన్నుకొని, హీటర్ల వద్ద 6.3 వోల్టులు ఉన్నవో లేవో చూచుట.

రెక్టిఫయరు వాల్వుకు బదులు సిలికాను డయోడులు పెట్టుట సులభమే గాని, వోల్టేజి పెరిగి పాత కండెన్సర్లు, వాల్వులు దెబ్బతినవచ్చును. ఎక్కువ వాట్ల కొరకు ఇ.ఎల్.84 స్థానములో పెద్ద వాల్వులు పెట్టుట తగదు. పాత ట్రాన్స్‌ఫార్మర్లు ఆ భారమును మోయలేవు.

ఇ.సి.సి.83, ఇ.ఎల్.84, ఇ.ఎల్.34 వంటి వాల్వులు స్లొవేకియా, రష్యా, చైనా దేశములలో ఇప్పటికిని తయారగుచున్నవి. కనుక వాల్వులు లేవని మంచి సెట్టును పారవేయనక్కరలేదు. ట్రాన్స్‌ఫార్మర్లు క్షేమముగా ఉన్న సెట్టు ఎంత పాతదైనను మరల పాడగలదు.

ఇవి కూడా చూడండి

* రేడియో
* ట్రాన్సిస్టరు
* ఆకాశవాణి
* భారత్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్