ఇంజనీరింగు పటములలో అక్షరముల ఎత్తు

ఇల్లు కట్టు మేస్త్రీ చేతిలోని పటమునందు రెండు విధములైన గీతలుండును. గోడలు, తలుపులు, కిటికీలు చూపు గీతలు మొదటి రకము. గదుల పేర్లు, గోడల పొడవులు, ఇనుప కమ్మీల మందము తెలుపు అక్షరములును అంకెలును రెండవ రకము. గోడకు స్వంతమైన కొలత ఒకటి కలదు. పటములో అది ఎంత చిన్నదిగా కనిపించినను, నేలమీద ఆరు మీటర్ల గోడ ఆరు మీటర్లే. అక్షరమునకు అట్టి కొలత ఏదియు లేదు. అది గోడమీద ఉండునది కాదు. కాగితముమీద, చదువువాని కంటికొరకు వ్రాయబడినది. ఈ చిన్న భేదమునకు తగిన ఏర్పాటు చేసికొనుటకు ఇంజనీర్లకు చాలకాలము పట్టినది.

ఘనవస్తువును చదునైన కాగితముమీద ఖచ్చితముగా చూపు పద్ధతిని శాస్త్రముగా రూపొందించినవాడు ఫ్రాన్సుదేశపు గణితవేత్త గాస్పార్ మోంజ్. ఆయన 1795లో పారిసునందు ఈ విషయమునుగూర్చి ఉపన్యాసములిచ్చెను. ఆ పద్ధతి వస్తువుయొక్క ఆకారమును తెలిపినది. కాని కార్ఖానాలోని పనివాడు పటముపై స్కేలు పెట్టి కొలవడు. గాలిలోని తేమనుబట్టి కాగితము కొంత సాగును, కొంత ముడుచుకొనును. అందుచేత అతడు వ్రాసియున్న అంకెనే నమ్మును. ఆ అంకె అలుకుకొనిపోయి 3 కాస్తా 8గా కనిపించినచో, ఇనుము వృథా, శ్రమ వృథా. వంతెనకో యంత్రమునకో అమర్చిన భాగము విషయములో అట్టి పొరపాటు ప్రాణాపాయమునకే దారితీయవచ్చును.

1842లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు జాన్ హెర్షెల్ నీలిరంగు నకళ్లు తీయు రసాయన విధానమును కనుగొనెను. పిమ్మట ఇంజనీర్లు దానిని తమ పటములకు విరివిగా వాడుకొనిరి. అసలు పటమును పూతపూసిన కాగితముపై ఆనించి, వెలుతురు పడనిచ్చి తీయుటవలన నకలు అసలుతో సమానమైన పరిమాణమునందే ఉండెను. కావున అక్షరములకు ఇబ్బంది కలుగలేదు. ఇరువదవ శతాబ్దమున పటములను మైక్రోఫిల్ముపైకి ఎక్కించి, చిన్నవిగా అచ్చుతీయుట ఆరంభమైన తరువాతనే చిక్కు వచ్చినది. 594 మి.మీ. వెడల్పు, 841 మి.మీ. పొడవు గల ఏ-1 కాగితముమీది పటమును ఏ-3 కాగితమునకు కుదించినచో ప్రతి కొలతయు సగమగును. 2.5 మి.మీ. ఎత్తుగల అంకె 1.25 మి.మీ.కు దిగును. అప్పుడు 6, 8, 9 అంకెలలోని సున్నలు సిరాతో పూడిపోవును.

దీనికి పరిష్కారము 2 యొక్క వర్గమూలములో దొరకినది. పొడవు వెడల్పుల నిష్పత్తి √2 అయిన కాగితమును సగమునకు మడచినను అదే నిష్పత్తి నిలుచునని జర్మను శాస్త్రజ్ఞుడు లిష్టెన్‌బెర్గ్ 1786లోనే ఒక లేఖలో వ్రాసెను. 1922లో జర్మనీ ఈ సూత్రముపై కాగితముల ప్రమాణమును నెలకొల్పెను. అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ 1974లో ఐఎస్ఓ 3098 అను ప్రమాణముద్వారా అక్షరముల ఎత్తులకును ఆ నిష్పత్తినే వర్తింపజేసెను: 2.5, 3.5, 5, 7, 10, 14, 20 మిల్లీమీటర్లు. వీనిలో ప్రతిదియు తన ముందుదానికి సుమారు √2 రెట్లు. గీత మందము ఒక రకపు అక్షరములలో ఎత్తునందు పదవవంతు, వేరొక రకములో పదునాలుగవవంతు. ఏ-1 పటమును ఏ-2కు కుదించినప్పుడు 5 మి.మీ. అక్షరము 3.5 మి.మీ. అగును, 0.5 మి.మీ. గీత 0.35 మి.మీ. అగును. రెండును ప్రమాణములోని కొలతలే! కుదించిన పటమును దిద్దుటకు మరొక కలము తీసికొన్న చాలును.

ఇంతలో కంప్యూటరు రంగమున ప్రవేశించెను. 1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన ఐవన్ సదర్లండ్ టీఎక్స్-2 యంత్రముపై ‘స్కెచ్‌ప్యాడ్’ను నిర్మించెను. అందు కాంతికలముతో తెరమీద గీతలు గీయవచ్చును. బొమ్మను సుమారు 2000 రెట్లు పెద్దదిచేసి చూడవచ్చును. 1967లో అమెరికా నౌకాదళపు ప్రయోగశాలయందలి అలెన్ హెర్షీ అక్షరములను చిన్న సరళరేఖల వరుసలుగా రూపొందించెను. ఇట్టి అక్షరమనగా కొన్ని బిందువుల నిరూపకముల పట్టికయే. ఆ సంఖ్యలన్నిటిని 2చే గుణించినచో అక్షరము రెండింతలగును. అక్షరము ఎత్తు మార్చుట గుణకారముగా మారినది.

1982లో ‘ఆటోక్యాడ్’ వెలువడెను. దానితో పూర్వపు పద్ధతి తలక్రిందులైనది. చేతితో గీయునప్పుడు వస్తువును కుదించి, అక్షరమును ఉన్న ఎత్తుననే వ్రాసెడివారు. కంప్యూటరులో వస్తువును నిజమైన కొలతలతో గీసి, అచ్చువేయునప్పుడు మొత్తమును కుదింతురు. కనుక అక్షరమును ముందుగానే పెంచి ఉంచవలెను. 1:50 స్కేలులో అచ్చువేయు పటమున 2.5 మి.మీ. అక్షరము కావలెనన్న 2.5 × 50 = 125 మి.మీ. ఎత్తున వ్రాయవలెను. మరచి 2.5 అనియే ఇచ్చినచో కాగితముపై అది 0.05 మి.మీ. చుక్క అగును. అడుగులు, అంగుళములు వాడుచోట పావు అంగుళము ఒక అడుగునకు సమానమైనచో గుణకము 48. అంగుళములో ఎనిమిదవవంతు అక్షరమును 6 అంగుళముల ఎత్తున వ్రాయవలెను.

అసలు చిక్కు ఒకే పటము రెండు స్కేళ్లలో కావలసివచ్చినప్పుడు కలిగెడిది. 1:50కి సరిపోయిన 125 మి.మీ. అక్షరము 1:100లో 1.25 మి.మీ. మాత్రమే. అందుచేత ఒకే కొలతను రెండు ఎత్తులలో, రెండు వేర్వేరు పొరలలో వ్రాసెడివారు. పిమ్మట గోడ పొడవు మారినప్పుడు ఒకచోట దిద్ది, రెండవచోట మరచినచో, ఒకే గోడకు రెండు కొలతలు ఏర్పడును. మేస్త్రీ చేతికి ఏ కాగితము అందునో ఎవరు చెప్పగలరు?

1990లో వెలువడిన పదకొండవ కూర్పునందు ‘కాగితపు స్థలము’ అను ఏర్పాటు చేయబడినది. వస్తువు ఒక స్థలములో నిజపరిమాణముతో ఉండును. కాగితము వేరొక స్థలము. కాగితమున కిటికీలవంటి చట్రములు తెరచి, వస్తువును ఏ స్కేలులోనైనను చూపి, అక్షరములను వాటి నిజమైన ఎత్తున వ్రాయవచ్చును. 2007లో వెలువడిన ‘ఆటోక్యాడ్ 2008’లో మరియొక సౌకర్యము చేర్చబడినది. అక్షరము కాగితముపై ఎంత ఎత్తుండవలెనో ఒకమారు తెలిపి, కావలసిన స్కేళ్లను జతచేసినచో, ఒక్కొక్క స్కేలునకు తగిన ఎత్తును యంత్రమే లెక్కించుకొనును. కొలత ఒక్కటే, వ్రాత ఒక్కటే, దిద్దుబాటును ఒక్కమారే.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలోనే చూపవచ్చును. తరగతి గది పటమును 1:50, 1:100 స్కేళ్లలో విద్యార్థులచే గీయించి, రెంటిలోను అంకెలను ఒకే ఎత్తున వ్రాయింపవలెను. గది కుదించబడినది, అంకె కుదించబడలేదు. ఏల? గది కొలత గదికి చెందినది, అంకె ఎత్తు చదువరి కంటికి చెందినది. యంత్రము ఎంత నేర్పుగలదైనను, ఈ రెండింటి భేదమును దానికి తెలుపవలసినవాడు మానవుడే.