పాలకొల్లు నీలిగుడ్డ



పాలకొల్లు అనగానే మనకి ముందు గుర్తొచ్చేది క్షీరారామం. పంచారామాల్లో ఒకటి. ఆ తరవాత గుర్తొచ్చేది సినిమా. అల్లు రామలింగయ్యగారు, దాసరి నారాయణరావుగారు పుట్టిన ఊరాయె! అయితే ఈ ఊరికి ఇంకో చరిత్ర కూడా ఉంది. అది రాతిమీద చెక్కింది కాదు, గుడ్డమీద అద్దింది.

17వ శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టారు. ఫ్యాక్టరీ అంటే ఇప్పటిలా యంత్రాలు కాదు సుమండీ. సరుకు కొని, నిలవచేసి, ఓడల కెక్కించే కోఠీ. 1679లో స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ అనే ఇంగ్లీషు కంపెనీ అధికారి ఈ ప్రాంతం తిరుగుతూ పాలకొల్లు సంగతి తన దినచర్యలో రాసుకున్నాడు. పెద్ద ఆవరణ, అందులో నేలలో పాతిన జాడీలు 300 పైచిలుకు, గుడ్డకి నీలిరంగు వెయ్యడానికి.

నీలిమందు పని చిత్రమైనది. జాడీలోంచి తీసినప్పుడు గుడ్డ ఆకుపచ్చగా ఉంటుంది. గాలి తగిలేకొద్దీ నీలంగా తిరుగుతుంది. రంగు ముదరాలంటే మళ్ళీ ముంచాలి, మళ్ళీ ఆరెయ్యాలి. 300 జాడీలంటే ఎందరి చేతులు నీలమయ్యాయో ఊహించుకోండి! ఆ గుడ్డకి నూలు ఎక్కణ్ణించి వచ్చింది? ఆడవాళ్ళ రాట్నాల నుంచి. ఒక్క మగ్గం ఆడాలంటే నలుగురైదుగురు వడకవలసిందే. వంటా, పిల్లలూ అయ్యాక కూర్చుని వడికిన నూలు అది. దిక్కులేని ఆడదానికి చాలాచోట్ల అదే కూడూ గుడ్డా. కంపెనీ లెక్కల్లో గుడ్డల సంఖ్య ఉంటుంది, వెల ఉంటుంది. వడికిన ఆవిడ పేరు మాత్రం ఉండదు.

మరి ఈ గుడ్డంతా ఎక్కడికి పోయింది? మన కోరమాండల్ తీరంలో కొన్న నూలుగుడ్డల్లో ఒక రకాన్ని ఐరోపా వర్తకులు గినీ గుడ్డ అనేవారు. గినీ అంటే పశ్చిమ ఆఫ్రికా తీరం. ఇక్కడ ఓడెక్కిన గుడ్డ ఆమ్‌స్టర్‌డామ్, లండన్ చేరి, అక్కణ్ణించి ఆఫ్రికాకి వెళ్ళేది. అక్కడ దాన్నిచ్చి కొన్నవాటిలో బంగారం ఉంది, ఏనుగుదంతం ఉంది, మనుషులూ ఉన్నారు! ఆ మనుషుల్ని సముద్రం దాటించి అమెరికా తోటల్లో బానిసలుగా అమ్మారు. రాట్నం ముందు కూర్చున్న ఇల్లాలికి ఈ సంగతి ఎవరు చెప్పారు? ఆవిడ తప్పేమీ లేదు. అయినా ఒక నూలుపోగు మననీ వాళ్ళనీ కలిపింది.

వాళ్ళ మనవలు, మునిమనవలు ఏమయ్యారో కూడా చెప్పుకుందాం. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలో మౌండ్ బాయూ అని చిన్న పల్లెటూరు ఉంది. ఆ ప్రాంతాన్నీ డెల్టా అనే అంటారు. పత్తి పండే ఒండ్రునేల. 1887లో ఐజయా మాంట్‌గోమరీ, ఆయన బంధువు బెంజమిన్ గ్రీన్ రైలు కంపెనీ దగ్గర అడవి కొని ఆ ఊరు కట్టారు. ఇద్దరూ బానిసలుగా పుట్టినవారే. చెట్లు కొట్టి, చిత్తడినేల బాగుచేసి, ఊళ్ళో మేయరు దగ్గర్నుంచి దుకాణదారు దాకా అందరూ నల్లవారే ఉండేలా చేసుకున్నారు. 1904లో సొంత బ్యాంకు పెట్టుకున్నారు. 1942లో చందాలు వేసుకుని ఆస్పత్రి కట్టుకున్నారు. మన చీటీలలాగే, తలా కాస్త!

అంతా మంచే జరిగిందనను. 1890లో ఆ రాష్ట్ర రాజ్యాంగ సభలో ఉన్న ఒకే ఒక నల్ల సభ్యుడు మాంట్‌గోమరీ. నల్లవారి ఓటు ఊడబెరికే షరతులకి ఆయనే ఒప్పుకుని ఓటేశాడు. ఊరు కట్టిన చెయ్యే ఆ పనీ చేసింది. కాని ఊరు ఆయనతో ఆగిపోలేదు. 1950ల్లో అక్కడి డాక్టరు టి.ఆర్.ఎం. హోవర్డు ఒక ఉద్యమం లేవదీశాడు. నల్లవారిని మరుగుదొడ్డి వాడుకోనివ్వని బంకులో పెట్రోలు కొనవద్దన్నాడు. చిన్న మాటే! దూరప్రయాణం చేసిన ఆడవారికి తెలుస్తుంది అందులో ఎంత అవమానం ఉందో. 1955లో ఎమ్మెట్ టిల్ అనే 14 ఏళ్ళ పిల్లవాణ్ణి తెల్లవాళ్ళు చంపితే, విచారణకి వచ్చిన ఆ తల్లి మేమీ తలదాచుకున్నది మౌండ్ బాయూలో, ఆ డాక్టరుగారి ఇంట్లోనే. హంతకులని కోర్టు వదిలేసింది. తల్లి మాత్రం నోరు మూసుకోలేదు. ఆవిడ మాట దేశాన్ని కదిలించింది.

మన పాలకొల్లు డచ్చివారి చేతిలోంచి 1825లో ఇంగ్లీషువారికి పోయింది. ఆ శతాబ్దంలోనే సీమ మిల్లు నూలు వచ్చి రాట్నాలు మూలపడ్డాయి. మౌండ్ బాయూవారికి తమ ఊరు కట్టినవారి పేర్లు తెలుసు, వారు చేసిన మంచీ చెడూ తెలుసు. మన నీలిజాడీల దగ్గర పనిచేసినవారి పేర్లు పోయాయి. ఊరి చరిత్ర అంటే గుడీ, రాజూ, దొరా మాత్రమే కాదు కదా! మీ ఇంట్లో పెద్దవాళ్ళున్నారా? వాళ్ళ అమ్మమ్మ పేరేమిటి, ఏ పనిచేసి పిల్లల్ని పెంచింది, ఏ ఊరినుంచి ఎందుకు వచ్చింది, ఇవి అడగండి. చాకలిపద్దు రాసే పుస్తకంలోనే చివర రెండు పేజీలు దానికి కేటాయించండి. మనం రాసుకోకపోతే ఆ పేర్లు ఏ కంపెనీ లెక్కల్లోనూ దొరకవు.