ఒక్క వేలి ఉంగరం జంట ఉంగరాలైన కథ

నిశ్చితార్థం అనగానే ఇప్పుడు అందరికీ ముందు గుర్తొచ్చేది ఉంగరాలు మార్చుకోవడమే. అమ్మాయి అబ్బాయికి తొడుగుతుంది, అబ్బాయి అమ్మాయికి తొడుగుతాడు, చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొడతారు. ఇది అనాదిగా వస్తున్న ఆచారమే అనుకుంటాం. కానీ మన పెళ్ళి తంతులో జీలకర్ర బెల్లం ఉంది, మాంగల్యధారణ ఉంది, తలంబ్రాలు, సప్తపది ఉన్నాయి. ఈ ఉంగరాల మార్పిడి మాత్రం వాటిలో లేదు. ప్రధానానికి అబ్బాయి తరఫువాళ్ళు అమ్మాయికి ఉంగరం పెట్టడం చాలా ఇళ్ళల్లో ఉన్నదే. ఇద్దరూ సమానంగా ఒకరికొకరు తొడుక్కోవడం మాత్రం తర్వాత వచ్చి చేరింది.

అసలు ఈ ఉంగరం ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. రోము నగరంలో పెళ్ళి కుదిరిన అమ్మాయికి ఉంగరం పంపేవారు. బంగారంది అనుకునేరు, ఇనుపది! రాయి కూడా ఉండేది కాదు. క్రీ.శ. 79లో చనిపోయిన ప్లినీ అనే రచయిత, తన కాలంలో కూడా ఇంకా ఇనుప ఉంగరమే పంపుతున్నారని రాశాడు. పంపేది అబ్బాయి వైపు వాళ్ళు, పెట్టుకునేది అమ్మాయి. ఈ పిల్లకు మాట అయిపోయింది అని నలుగురికీ తెలియడానికి అదో గుర్తు. అబ్బాయి వేలికి మాత్రం అలాంటి గుర్తేమీ అక్కర్లేదు.

ఎడమచేతి ఉంగరపు వేలికే ఎందుకంటే, ఆ వేలి నుంచి గుండెకు ఒక నరం నేరుగా వెళుతుందని పాతకాలం వాళ్ళు నమ్మారు. ఆ వేలికి మాత్రమే అలాంటి ప్రత్యేకమైన నరమేదీ లేదని ఇప్పటి వైద్యశాస్త్రం చెబుతోంది. అయినా ఆ మాట ఎంత అందంగా ఉందో, ఈరోజుకీ నగల దుకాణాల ప్రకటనల్లో వినిపిస్తూనే ఉంటుంది.

ఇంగ్లండు సంగతి ఇంకా చిత్రం. 1549లో వచ్చిన వాళ్ళ ప్రార్థనా పుస్తకం పెళ్ళి ఉంగరాన్ని ఎడమచేతికి తొడగాలని నిర్ణయించింది. వరుడు ఉంగరం తొడుగుతూ, తన సంపద అంతా ఆమెకు ఇస్తున్నానని అందరి ముందూ ప్రమాణం చేసేవాడు. వినడానికి బాగుంది కదా! బయటికొచ్చి చట్టం చూస్తే అంతా తలకిందులు. పెళ్ళి అయిన మరుక్షణం ఆమె డబ్బు, నగలు, సామాను భర్తవి అయిపోయేవి. భార్య ఆస్తి భార్యదే అని అక్కడ చట్టం పూర్తిగా ఒప్పుకున్నది 1882లో. మూడువందల ఏళ్ళకు పైగా ఉంగరం ఒక మాట చెబితే, చట్టం ఇంకో మాట చెప్పిందన్నమాట.

ఇద్దరికీ ఉంగరాలు ఉన్న చోట్లూ లేకపోలేదు. తూర్పు దేశాల ఆర్థొడాక్స్ చర్చి పెళ్ళిళ్ళలో పాతకాలం నుంచీ రెండు ఉంగరాలున్నాయి. కానీ వాళ్ళ పాత పద్ధతి ప్రకారం అబ్బాయికి బంగారం, అమ్మాయికి వెండి! రెండు ఉంగరాలు ఉన్నంత మాత్రాన సమానం అయిపోదని దీన్ని చూస్తే తెలుస్తుంది.

అమెరికాలో 1920ల్లో నగల వ్యాపారులు మగవాళ్ళకీ నిశ్చితార్థపు ఉంగరం అలవాటు చేయాలని చూశారు. ఎన్ని ప్రకటనలిచ్చినా జనం పట్టించుకోలేదు. వ్యాపారులు చేయలేనిది రెండో ప్రపంచ యుద్ధం చేసింది. కొత్తగా పెళ్ళయిన కుర్రాళ్ళు వేల మైళ్ళ దూరం వెళ్ళాల్సి వచ్చింది. తిరిగి వస్తారో రారో తెలియదు. ఇంటి దగ్గర ఒకామె ఎదురుచూస్తోందని చెప్పే గుర్తు అబ్బాయి వేలికీ కావాల్సి వచ్చింది. యుద్ధం అయ్యేసరికి అక్కడ జంట ఉంగరాలు మామూలైపోయాయి. అంటే ఎడబాటు భయంలో నుంచి పుట్టిన ఆచారం ఇది. అందుకేనేమో నాకు దీనిమీద గౌరవం.

వజ్రం కథ మాత్రం వేరు. 1938లో డి బీర్స్ కంపెనీ అమెరికాలో వజ్రాల అమ్మకాలు పెంచడానికి ఒక ప్రకటనల సంస్థను పెట్టుకుంది. వజ్రం శాశ్వతం అనే ఆ ప్రసిద్ధ నినాదం 1947లో ఆ సంస్థలో పనిచేసే ఫ్రాన్సెస్ గెరెటీ అనే ఆవిడ రాసింది. ఆవిడ జీవితంలో పెళ్ళే చేసుకోలేదు! ఉంగరంలో వజ్రం లేకపోతే ప్రేమ తక్కువ అనుకునే ఆడపిల్లలకు ఈ సంగతి ఒక్కసారి చెప్పండి.

మన కథల్లోకి వస్తే, ఉంగరం అనగానే శకుంతలే గుర్తొస్తుంది. కాళిదాసు నాటకంలో ఉంగరం పోగానే ఆమె మాటకు విలువ పోయింది. చేప కడుపులో అది దొరికాకగానీ దుష్యంతుడికి భార్య గుర్తు రాలేదు. కానీ మహాభారతంలోని శకుంతలకు ఉంగరమే లేదు. మన నన్నయ రాసిన శకుంతలా అంతే. బిడ్డను వెంటబెట్టుకుని నిండు సభలో నిలబడి, సత్యం ఎంత గొప్పదో రాజుకే చెప్పింది. ఆమెకు సాక్ష్యం ఆమె మాటే. సుందరకాండలో రాముడి ఉంగరం అందుకున్న సీత ఊరుకోలేదు, తన చూడామణిని తిరిగి పంపింది. ఒకరి గుర్తు ఒకరికి చేరడం అంటే అదీ!

ఇక మన ఇళ్ళకు వద్దాం. అబ్బాయి ఉంగరం అమ్మాయి తల్లిదండ్రులు, అమ్మాయి ఉంగరం అబ్బాయి తల్లిదండ్రులు కొనడం మామూలు. మంచి పద్ధతే. కానీ చాలాచోట్ల అబ్బాయి ఉంగరం ఎన్ని గ్రాములు, రాయి ఉందా లేదా అన్నది లాంఛనాల లెక్కలో కలిసిపోతుంది. ఆడపిల్ల తండ్రి మారు మాట్లాడలేడు. అమ్మాయి ఉంగరం మాత్రం ఆమెకు చూపించకుండానే వచ్చేస్తుంది, వదులైతే దారం చుట్టుకుని పెట్టుకోవడమే. రోము ఇనుప ఉంగరానికీ దీనికీ లోహంలోనే తేడా!

అందుకే నేనంటాను, పెద్దవాళ్ళు డబ్బు పెట్టినా ఎంచుకోవడం మాత్రం పిల్లలిద్దరికీ వదిలేయాలి. ఇద్దరూ కలిసి దుకాణానికి వెళ్ళనివ్వండి. ఎంతలో కొనాలో వెళ్ళేముందే ఇద్దరూ అనుకుని, రెండు ఉంగరాలకూ ఒకే లెక్క పెట్టుకుంటే ఎవరికీ చిన్నతనం ఉండదు. వంటా, అంట్లూ, కంప్యూటరు పనీ అన్నీ చేసే చేతులకు ఎత్తుగా రాయి ఉన్న ఉంగరం జుట్టుకూ చీరకూ తగులుకుంటుంది. ఎండవేళ వేళ్ళు కాస్త ఉబ్బుతాయి కాబట్టి సైజు మరీ బిగుతుగా తీసుకోవద్దు. రాయి పొదగాలంటే 22 క్యారెట్ల కంటే గట్టిగా ఉండే 18 క్యారెట్లు నయం. హాల్‌మార్కులో 22కి 916 అని, 18కి 750 అని ఉంటుంది, చూసుకోండి. పాతకాలం ఇంగ్లండులో ఉంగరం లోపలి వైపు చిన్న మాట చెక్కించుకునేవారు. పేర్లో, తేదీయో అలా రాయించుకుంటే ఎంత బాగుంటుంది!

ఇంకొక్క మాట. పెళ్ళిలో అమ్మాయికి పెట్టిన నగలు, ఎవరు పెట్టినా సరే, ఆమె స్త్రీధనం. దానిమీద హక్కు ఆమెదేనని, అత్తింటివారి దగ్గర దాచి ఉంచినంత మాత్రాన వాళ్ళది అయిపోదని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. ఉంగరం బిల్లు కూడా ఆమె దగ్గరే ఉండనివ్వండి.

పెళ్ళిలో బిందెలో ఉంగరం వేసి తీయమనే ఆట ఉంది చూడండి, అక్కడ రెండు చేతులూ ఒకే నీళ్ళలో వెతుకుతాయి. అమ్మాయి గెలిచినా అబ్బాయి గెలిచినా అందరూ నవ్వుతారు. కొనేటప్పుడు కూడా రెండు చేతులూ అలాగే కలిసి వెతకాలని నా కోరిక.