సంక్లిష్టతా సిద్ధాంతం – సైనిక నాయకత్వం

భాగాలు పరస్పరం ప్రభావితమవుతూ, ముందుగా ఊహించలేని ఫలితాలనిచ్చే వ్యవస్థలను వివరించేది సంక్లిష్టతా సిద్ధాంతం. యుద్ధమూ అలాంటిదే, శత్రువు కూడా నేర్చుకుంటాడు, మారతాడు. అమెరికా మెరైన్ దళం 1997 నాటి 'వార్‌ఫైటింగ్' గ్రంథంలో ఈ దృష్టి స్పష్టంగా కనిపిస్తుంది.

ఆచరణలో పేరుపొందిన ఉదాహరణ ఇరాక్. 2003 నుంచి 2008 వరకు అమెరికా సంయుక్త ప్రత్యేక దళాలను నడిపిన జనరల్ స్టాన్లీ మెక్‌క్రిస్టల్‌కు ఆయుధాలకు గానీ, శిక్షణకు గానీ కొదవ లేదు. అయినా అల్ ఖైదా ముఠాలు చేజారిపోయేవి. సోదాల్లో దొరికిన కాగితాలు, ఫోన్లు సంచుల్లో మూలన పడి ఉండేవి. విశ్లేషకులు వాటిని తెరిచేసరికి సమాచారం పాతబడేది. దాంతో ఆయన బలద్ స్థావరంలో గూఢచారులను, సైనికులను, విశ్లేషకులను ఒకే హాలులో కూర్చోబెట్టారు. దూరాన ఉన్న బృందాలన్నీ రోజూ వీడియో సమావేశంలో కలిసేవి. దాడి చేయాలా వద్దా అన్న నిర్ణయాలు చాలావరకు కిందిస్థాయి అధికారులకే వదిలారు. అన్నిటికంటే కష్టమైనది, విలువైనది ఈ చివరి మార్పే. ఆయన లెక్క ప్రకారం 2004 ఆగస్టులో 18గా ఉన్న దాడులు రెండేళ్లకు నెలకు 300 అయ్యాయి. ఈ అనుభవాన్ని 2015లో 'టీమ్ ఆఫ్ టీమ్స్' పుస్తకంగా తెచ్చారు.

అయితే దాడుల సంఖ్య వేగానికి కొలతే గాని విజయానికి కాదు. ఇరాక్‌లోని అల్ ఖైదా ముఠాల నాయకుడు జర్కావీ 2006 జూన్ 7న వైమానిక దాడిలో మరణించాడు. ఇరాక్‌లో హింస మాత్రం 2007లోనూ కొనసాగింది.