లైనక్స్ సర్వర్‌లో మారియాడీబీ.. ఇన్‌స్టాల్ పది నిమిషాలే, అసలు పని ఆ తర్వాతే

చిన్న స్కూల్‌లోనో, హోల్‌సేల్ దుకాణంలోనో లెక్కలు ఎక్సెల్ ఫైల్‌లో ఉన్నంతకాలం బండి నడుస్తుంది. ముగ్గురు ఒకేసారి ఎంట్రీ వేయాల్సి వచ్చినప్పుడే చిక్కు మొదలవుతుంది. ఎవరి ఫైల్ అసలుది, ఎవరిది పాతది అన్న గొడవ వస్తుంది. అప్పుడు కావాల్సింది రిలేషనల్ డేటాబేస్. పిల్లల పేర్లు ఒక పట్టికలో, ఫీజు రసీదులు ఇంకో పట్టికలో పెట్టి, అడ్మిషన్ నంబర్‌తో రెండింటినీ కలిపే పద్ధతి ఇది. 1970లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గార్ కాడ్ రాసిన పేపర్ దీనికి పునాది.

ఉచితంగా దొరికే డేటాబేస్‌లలో మారియాడీబీ బాగా వాడుకలో ఉంది. మైఎస్‌క్యూఎల్‌ను తయారుచేసిన వారిలో ఒకరైన మైకేల్ విడేనియస్, అది ఒరాకిల్ చేతికి వెళ్తున్న రోజుల్లో, 2009లో దాని నుంచి విడదీసి మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. మై, మారియా రెండూ ఆయన కూతుళ్ల పేర్లే.

ఉబుంటు లేదా డెబియన్ సర్వర్‌లో ఇన్‌స్టాల్ చేయడం తేలిక. (ఇక్కడ తెలుగులో రాసిన కమాండ్లను ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి.) ముందు ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’, తర్వాత ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ మారియాడీబీ-సర్వర్’. ‘సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ మారియాడీబీ’ అని కొడితే ‘యాక్టివ్’ అని చూపించాలి. ఆ వెంటనే ‘సుడో మారియాడీబీ-సెక్యూర్-ఇన్‌స్టలేషన్’ నడపాలి. పేరు లేని యూజర్లను తీసేయాలా, బయటి నుంచి రూట్ లాగిన్ ఆపాలా, టెస్ట్ డేటాబేస్ తొలగించాలా అని అది అడుగుతుంది. ఈ మూడింటికీ అవుననే చెప్పాలి. రూట్ పాస్‌వర్డ్ మార్చాలా అన్న దానికి వద్దన్నా ఫరవాలేదు. సర్వర్‌లో అడ్మిన్‌గా ఉన్నవారు ‘సుడో మారియాడీబీ’ అంటే చాలు, నేరుగా లోపలికి వెళ్తారు.

చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుంటారు.

‘ఈటీసీ’ ఫోల్డర్‌లో మైఎస్‌క్యూఎల్, దానిలో ‘మారియాడీబీ.కాన్ఫ్.డి’ అనే ఫోల్డర్ ఉంటుంది. అక్కడి ‘50-సర్వర్.సీఎన్ఎఫ్’ ఫైల్‌లో ‘బైండ్-అడ్రస్’ లైన్ చూడాలి. అది 127.0.0.1 అని ఉంటే డేటాబేస్ ఆ సర్వర్‌లోని ప్రోగ్రాములకే జవాబిస్తుంది. ఇంటి నుంచి కనెక్ట్ కావట్లేదని దాన్ని 0.0.0.0గా మార్చేవాళ్లున్నారు. అంటే 3306 పోర్టు ప్రపంచానికంతా తలుపు తీసినట్టే. 2017 మొదట్లో ఇలా తెరిచి ఉంచిన మాంగోడీబీ సర్వర్లను వేల సంఖ్యలో ఖాళీ చేసి బిట్‌కాయిన్లు అడిగారు. ఆ తర్వాత మైఎస్‌క్యూఎల్ సర్వర్లకూ అదే గతి పట్టింది. దూరం నుంచి పని చేయాలంటే ఎస్ఎస్‌హెచ్ టనెల్ వాడుకోవాలి, పోర్టు తెరవకూడదు.

ఫీజుల ప్రోగ్రామ్‌కు రూట్ పాస్‌వర్డ్ ఇవ్వడం ఇంకో పొరపాటు. దానికంటూ వేరే యూజర్‌ను సృష్టించి, ఆ ఒక్క డేటాబేస్ మీదే సెలెక్ట్, ఇన్సర్ట్, అప్‌డేట్ హక్కులు ఇస్తే సరిపోతుంది. డిలీట్ ఎందుకు? ఖాతా పుస్తకంలో తప్పు పడితే గుమాస్తా ఆ పేజీ చింపడు, రివర్స్ ఎంట్రీ వేస్తాడు. డబ్బు కాలమ్‌కు ‘డెసిమల్’ రకమే పెట్టాలి. ‘ఫ్లోట్’ పెడితే పైసల లెక్క ఎప్పుడో ఒకప్పుడు తేడా కొడుతుంది.

ఉర్దూ, తెలుగు రెండింట్లో పేర్లు రాసుకునేవారు ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది అక్షరాల సెట్టింగ్ మీద. డేటాబేస్ సృష్టించేటప్పుడే క్యారెక్టర్ సెట్ ‘యూటీఎఫ్8ఎంబీ4’ అని చెప్పాలి. ప్రోగ్రామ్ కనెక్షన్‌లోనూ అదే ఉండాలి. పాత వెర్షన్లలో డిఫాల్ట్‌గా ఉండే ‘లాటిన్1’లో ఈ రెండు లిపులూ పట్టవు. ఎర్రర్ వస్తే అదృష్టమే, ఎందుకంటే కొన్ని సెట్టింగ్‌లలో ఎర్రర్ లేకుండా పేరంతా ప్రశ్నార్థకాలైపోతుంది. అలా మారాక అసలు పేరు తిరిగి రాదు.

కాలమ్ పొడవు విషయంలోనూ మోసపోతారు. ‘అబ్దుల్’ కంటికి మూడక్షరాలు. గుణింతం, పొల్లు విడివిడిగా లెక్కపడతాయి కాబట్టి డేటాబేస్‌కు ఏడు. పేరుకు 20 పెడితే పూర్తి పేరు పట్టదు. 100 పెట్టడం మంచిది.

ఇంతకంటే చిరాకు పెట్టేది ఉర్దూలో పేరు వెతకడం. ఉర్దూ కీబోర్డులోని కాఫ్, అరబీ కీబోర్డులోని కాఫ్ కంప్యూటర్‌కు వేర్వేరు అక్షరాలు. ‘యే’ కూడా అంతే. ఒక క్లర్క్ ఉర్దూ కీబోర్డుతో ‘కరీం’ అని ఎక్కిస్తే, ఇంకొకరు అరబీ కీబోర్డుతో వెతికితే దొరకదు. దాంతో ఒకే అబ్బాయి రెండుసార్లు చేరిపోతాడు. ఎంట్రీ సేవ్ కాకముందే అరబీ కాఫ్, యేలను ఉర్దూ వాటిగా మార్చే చిన్న కోడ్ ప్రోగ్రామ్‌లో పెట్టించాలి. తెలుగులో ‘అన్వర్‌బాషా’ లాంటి పేర్ల మధ్య కనిపించని నాన్-జాయినర్ గుర్తు కూడా కొలేషన్‌ను బట్టి ఇలాగే తిప్పలు పెట్టొచ్చు.

వేగం కోసం ‘ఇన్నోడీబీ-బఫర్-పూల్-సైజ్’ ఒక్కటి చూసుకుంటే చాలు. డిఫాల్ట్ 128 ఎంబీ. వెబ్‌సైట్ కూడా నడిచే 2 జీబీ సర్వర్‌లో 512 ఎంబీ దాకా పెంచవచ్చు. సెట్టింగ్ మార్చాక సర్వీస్‌ను రీస్టార్ట్ చేయాలి.

ఇక బ్యాకప్. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ ఇంజినీర్ ఒకరు వేరే సర్వర్ అనుకుని అసలు డేటాబేస్ ఫోల్డర్‌నే చెరిపేశారు. వాళ్లది పోస్ట్‌గ్రెస్. రోజువారీ బ్యాకప్ వెర్షన్ తేడా వల్ల ఫెయిలవుతోందని అప్పుడే బయటపడింది. ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ ఉండబట్టి మిగతాది దక్కింది. అంత పెద్ద సంస్థకే అలా జరిగింది.

మారియాడీబీలో ‘మారియాడీబీ-డంప్’ కమాండ్‌కు ‘సింగిల్-ట్రాన్సాక్షన్’ ఆప్షన్ జోడిస్తే, ఆఫీసు పని ఆపకుండానే నకలు వస్తుంది. డేటాబేస్ నడుస్తుండగా ఫోల్డర్‌ను కాపీ కొడితే అది పనికొస్తుందన్న నమ్మకం లేదు. డంప్‌ను క్రాన్‌లో రాత్రి 2 గంటలకు పెట్టి, ఫైల్‌ను వేరే మెషిన్‌కు పంపాలి. అదే సర్వర్‌లో ఉంచితే డిస్క్‌తో పాటు బ్యాకప్ కూడా పోతుంది. ఒక్క డేటాబేస్ డంప్‌లో యూజర్లు, హక్కులు రావు కాబట్టి వాటిని సృష్టించిన కమాండ్లు వేరే రాసి పెట్టుకోవాలి. నెలకోసారి వేరే పేరుతో ఖాళీ డేటాబేస్ తెరిచి, డంప్‌ను అందులోకి ఎక్కించి, ఆ రోజు వరకు వచ్చిన ఫీజు మొత్తం ఆఫీసు క్యాష్ బుక్‌తో రూపాయి తేడా లేకుండా కలిసిందో లేదో చూసుకోవాలి.