ఒగ్గుకథ: ఒక్క కథకుడు, ఊరంతా రంగస్థలం

ఉపోద్ఘాతం

ఆధునిక తెలుగు నాటకరంగ చరిత్రను చాలా పుస్తకాలు 1880తో మొదలుపెడతాయి. కందుకూరి వీరేశలింగం ‘వ్యవహార ధర్మబోధిని’ రాజమహేంద్రవరంలో ప్రదర్శితమైన సంవత్సరమది. 1892లో విజయనగరంలో ‘కన్యాశుల్కం’ రంగస్థలమెక్కింది. ఈ తేదీలను మీరు గుర్తుంచుకోవలసిందే. అయితే రెండూ కోస్తా పట్టణాలకు చెందినవని గమనించండి. మరి అప్పుడు తెలంగాణ పల్లెల్లో నాటకం లేదా?

జవాబు కోసం స్టేషన్ ఘన్‌పూర్ ప్రాంతానికి వెళ్దాం. కాజీపేట–సికింద్రాబాద్ రైలు మార్గంలో ఉన్న ఈ ఊరు 2016 వరకు వరంగల్ జిల్లాలోది, ఇప్పుడు జనగామ జిల్లాలోది. ఇదే జిల్లాలో లింగాలఘనపురం మండలం మాణిక్యాపురం ఉంది. ఒగ్గుకథకు దేశమంతటా పేరు తెచ్చిన చుక్క సత్తయ్య (1935–2017) అక్కడివారే.

ఒక్కరిలో అనేకులు

ఏకపాత్రాభినయంలో ఒక నటుడు ఒకే పాత్రను ధరిస్తాడు. ఒగ్గుకథ అలా కాదు. ప్రధాన కథకుడు ఒక్కడే తల్లి అవుతాడు, కొడుకవుతాడు, దేవుడవుతాడు. తెర ఉండదు, వేషం మార్చుకునే వ్యవధీ ఉండదు. గొంతు మార్చి, నడక మార్చి, భుజం మీది గుడ్డను తలకు చుట్టి పాత్ర మారిపోతాడు. చుట్టూ కూర్చున్నవారికీ అతనికీ మధ్య దూరం నాలుగడుగులే.

అయినా అతను ఒంటరి కాదు. డోలు, తాళాలు వెంట ఉంటాయి. పక్కనున్న వంతగాడు ఊకొడతాడు, ప్రశ్నిస్తాడు, కథ మధ్యలో నవ్విస్తాడు. ఛత్తీస్‌గఢ్ పండవానీలోనూ తీజన్ బాయి వంటి కథకురాలికి ఇలాగే ఊకొట్టే తోడు ఉంటుంది. ఇటలీ నటుడు దారియో ఫో 1969లో ‘మిస్తెరో బుఫో’లో ఒక్కడే అనేక పాత్రలు పోషించినప్పుడు, మధ్యయుగపు వీధి కళాకారుల దారినే అనుసరించాడు.

కథను అడిగేది ఎవరు?

ఒగ్గుకథ ప్రధానంగా గొల్ల, కురుమల కుల దైవాలైన మల్లన్న, బీరప్పల కథలను, ఎల్లమ్మ కథను చెబుతుంది. ఇంట్లో మొక్కు ఉన్నవారు ఒగ్గు పూజారులను పిలిపిస్తారు. వాకిట్లో రంగుల పొడులతో పట్నం వేస్తారు. దాని మీద దేవుడి పెళ్లి జరుగుతుంది. పిల్లలు చల్లగుండాలి, మంద పెరగాలి, పాడి నిలవాలి అన్నదే ఆ కోరిక. కరువునూ రోగాన్నీ ఎరిగిన పశుపోషకులు బతుకు మీద ఆశను ఇలా ఏటా కొత్త చేసుకున్నారు.

విద్యార్థులుగా మీరు ఇక్కడ ఒక జాగ్రత్త పాటించాలి. ఈ కథలను ఫలానా రాజు కాలానివని నిర్ణయించలేం. కాని కొమురవెల్లి మల్లన్నకు బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ అని ఇద్దరు భార్యలున్నారని కథ చెబుతున్నప్పుడు, వర్తకులూ పశుపోషకులూ ఒకే దైవం దగ్గర కలిశారన్న సూచన అందులో ఉంది. సూచనను రుజువుగా పొరబడకూడదు, అలాగని పక్కన పెట్టనూ కూడదు.

ఇరవయ్యవ శతాబ్దపు మార్పులు

1946 జూలై 4న, నేటి జనగామ జిల్లాలోనే ఉన్న కడవెండిలో దొడ్డి కొమురయ్య తుపాకీ కాల్పుల్లో అమరుడయ్యాడు. ఆయన కురుమ కులస్థుడు. ఆ పోరాట కాలంలోనే సుద్దాల హనుమంతు, గొల్లసుద్దుల రూపాన్ని తీసుకుని సంఘం మాటను ఊళ్లకు చేర్చారు. జనం చెవికి అలవాటైన రూపం కనుకనే ఆ మాట త్వరగా నాటుకుంది.

తరువాత సభావేదికలు, ఆకాశవాణి వచ్చాయి. చుక్క సత్తయ్య కథను కులం వాకిలి దాటించి అందరి ముందుకూ తెచ్చారు. సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారు. కళాకారుడికి గౌరవం పెరిగింది. అదే సమయంలో రాత్రంతా సాగే కథ వేదిక మీద అరగంటకు కుదించుకోవలసి వచ్చింది. నేడు ఊరేగింపుల్లో ఒగ్గుడోలు విన్యాసాలను మీరు తరచూ చూస్తుంటారు. వాటిలో డోలు ఉంది, అడుగు ఉంది. కథ చాలాసార్లు ఉండదు. కథను అడిగే ఇల్లు, వినే రాత్రి లేకపోతే కథకుడి గొంతులోని పాత్రలు ఎవరి కోసం పుడతాయి?

సారాంశం

ముద్రిత నాటకాలతోనే చరిత్ర రాస్తే తెలంగాణ రంగస్థలం సగం ఖాళీగా కనిపిస్తుంది. ఒగ్గుకథలో నటుడు ఒక్కడే కావచ్చు, ప్రదర్శన మాత్రం సమూహానిది. దాన్ని కాపాడటమంటే కళాకారుడికి శాలువా కప్పడంతో పాటు, అతనితో పూర్తి కథ చెప్పించుకోవడం కూడా.

అభ్యాసం

మీ ఊళ్లో లేదా దగ్గరి ఊళ్లో ఒగ్గుకథ చెప్పేవారిని కలవండి. వారు ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ కథలు పూర్తిగా చెప్పగలరు, చివరిసారి రాత్రంతా ఎప్పుడు చెప్పారు అన్న మూడు విషయాలు అడిగి, వారి అనుమతితో రాసుకోండి. ఆ కాగితం కూడా చరిత్రకు ఆధారమే.